ఆ మాట దగ్గర

చిలుంబా రేవులో ఇంకా తెల్లవారదు.
సరస్సు మీంచి మ్వెరా గాలి
రెల్లు తడికల సందుల్లో చేతులు పెట్టి వెతుకుతుంది.
లాంతరు ఒత్తి తగ్గించి
చాప మీద మోకాళ్లూనుతాను.
చేతులకి నిన్నటి ఉసిపా చేపల వాసన.
ఎంత తోమినా పోదు.
దేవుడికి అలవాటైపోయి ఉంటుంది.

తండ్రీ అంటాను. నోరు తిరుగుతుంది.
నీ నామం, నీ రాజ్యం,
రొట్టె దాకా బాగానే నడుస్తాను.
మాకు రొట్టె కాదు, కర్రపెండలం సంకటి. ఆయనకు తెలుసు.
తర్వాత అప్పుల మాట వస్తుంది.
మా అప్పు కొట్టెయ్యమనడం సులువే.
మేమూ కొట్టేశాం కదా అని
వెంటనే ఒక సాక్ష్యం చెప్పాలి చూడు,
అక్కడ పడవ నేలకి తగులుతుంది.

ఎందుకంటే నా తమ్ముడు వెజి
నాన్న సమాధి మీద మట్టి ఆరకముందే
పడవ ఇంజను విప్పి
కరోంగా బజారులో అమ్మేశాడు.
ఇంజను లేని పడవ శవపేటికలాంటిది,
పొడుగ్గా ఉంటుంది, ఎక్కడికీ పోదు.
నా పిల్లల బడి ఫీజు దాని మీదే.
అడిగితే నవ్వాడు,
తాగిన నవ్వు.

పదకొండు నెలలు
ప్రతి ఉదయం అదే చోట ఆగాను.
పాస్టరుగారు ఉపవాసం ఉండమన్నారు. ఉన్నాను.
ఆకలికి కోపం ఇంకా పదునెక్కింది.
కొన్నాళ్లు ఆ ఒక్క మాట వదిలేసి
ఆమేన్ మీదికి గెంతాను,
గుంట దాటే మేకలా.
దేవుడు ఏమీ అనలేదు.
అనకపోవడమే అవమానంగా ఉండేది.

మా మహిళా సంఘంలో న్యమంగో అని ఒక ముసలావిడ.
ఇద్దరు కొడుకుల్ని సరస్సుకిచ్చింది.
ఒక గురువారం చర్చి ఊడుస్తూ
చీపురు ఆపకుండానే అంది:
"రాకపోతే అక్కడే కూర్చో పిల్లా.
గెంతకు. అబద్ధమూ ఆడకు.
నువ్వు కూర్చుంటే ఆయనా వచ్చి కూర్చుంటాడు.
నా దగ్గర మూడేళ్లు కూర్చున్నాడు."

కూర్చున్నాను.
మొదట్లో తిట్లే వచ్చాయి.
వెజీ నీ చేతులు పడిపోను, వెజీ నీ కొంప కూల.
మా తుంబుకాలో వెజి అంటే కృప.
నాన్న పెట్టిన పేరు.
రోజూ దేవుడి ముందు నేను
కృపని పట్టుకుని శాపనార్థాలు పెడుతున్నానని
తెలియడానికే చాన్నాళ్లు పట్టింది.
తెలిసినా ఆపలేదు.

తర్వాత తిట్లు అయిపోయాయి,
కసి తీరి కాదు, కొత్తవి దొరక్క.
ఒట్టి పేరు మిగిలింది.

వానలకు ముందు
సరస్సు మీద పురుగుల పొగ లేచింది,
నీళ్లే కాలుతున్నట్టు.
ఆ సాయంత్రమే వాన.
పందిళ్ల మీద చేపలు, వారం రోజుల సంపాదన.
నేను పరుగెత్తి చేరేసరికి
ఎవరో అప్పటికే గోనెల్లోకి ఊడ్చేస్తున్నారు.
చొక్కా లేదు. వెన్నుపూసలు లెక్కపెట్టొచ్చు.
నాన్న వీపే.
వెజి నా వైపు చూడలేదు. నేనూ పిలవలేదు.
ఆరు గోనెలు మోసి,
చేతులు తుడుచుకుని వెళ్లిపోయాడు.
క్షమించమనలేదు.
ఇంజను ఊసెత్తలేదు.

రాత్రి నిద్రపట్టలేదు.
తెల్లవారకముందే చాప మీద.
తండ్రీ. నామం. రాజ్యం. సంకటి.
ఆ మాట దగ్గర ఎప్పటిలా ఆగాను.
ఆగి చూసుకుంటే, నేను ఆలోచిస్తున్నది
వాడి ఇంటికప్పు కారుతోందా అని,
ఈ చలిలో వాడేం కప్పుకున్నాడో అని.

అప్పు ఉంది. అంకెతో సహా నాకు గుర్తే.
చెల్లిపోయిందని అబద్ధమాడను.
కానీ ఈ ఉదయం,
ఇసుకలో కూరుకుపోయిన పడవకి
అటువైపు ఎవరో భుజమానిస్తే
బెత్తెడు జరిగినట్టు,
ఆ మాటలో సగం నోరు దాటింది.
మిగతా సగం పెదవి మీదే ఉంది.

లాంతరు ఆర్పాను.
పెట్టె అడుగున నాన్న చొక్కా ఒకటుండాలి.
ఉతకాలి, ఎండ వస్తే.