మందస రోడ్డు మీద మూడు గోతులు

కాశీబుగ్గ ఎక్స్ఛేంజిలో కూర్చుని
గాజు తీగలోకి వెలుగు వదిలాను.
పెట్టె తెర మీద గీత
నెమ్మదిగా వాలుతూ పోయి
ఒకటి పాయింట్ నాలుగు కిలోమీటర్ల దగ్గర ఓ ముల్లు లేపింది.
పాత జాయింటు అది, తెలిసిందే.
రెండు పాయింట్ ఎనిమిది దగ్గర ఇంకో ముల్లు.
మ్యాపులో అక్కడేమీ లేదు
జీడితోట తప్ప.

తవ్వమన్నాను.

దాలినాయుడు గునపం దించాడు.
నడుం లోతు మట్టిలో తీగ
నల్లగా, నున్నగా, నిద్రపోతున్న జెర్రిపోతులా.
"ఇక్కడేటీ నేదు బాబూ."
పది మీటర్లు ముందుకి. నేదు.
ఇరవై వెనక్కి.
మధ్యాహ్నానికి మూడు గోతులు,
పక్కన మూడు ఎర్రమట్టి కుప్పలు,
గాల్లో జీడిపిక్కలు కాలుస్తున్న కమురు.
గట్టు మీద చుట్ట ముట్టించి అతనన్నాడు:
"మీ పెట్టికి గాలేటైనా సోకిందేటి?"

నవ్వేసి వచ్చాను.
రాత్రి నిద్ర పట్టక లెక్క వేస్తే
రెండో ముల్లు మొదటిదానికి సరిగ్గా రెట్టింపు.

సోకిందే.
జాయింటును తాకి ఇంటికొచ్చిన వెలుగుని
గుమ్మంలోనే ఏదో వెనక్కి తోసేస్తే
మళ్ళీ అంత దూరమూ పోయి, మళ్ళీ వచ్చింది.
దాని ఆలస్యాన్ని
పెట్టె దూరం అనుకుంది.
పెట్టె చెప్పింది నేను నమ్మాను.

పొద్దున్నే పెట్టె మూతి విప్పి
భూతద్దం పెట్టి చూశాను.
గాజు కొస చుట్టూ తెల్లటి పింగాణీ మీద
ఒకదాని వెనక ఒకటి, జిడ్డు వంపులు.
వేలిముద్ర. బొటనవేలిది.
మొన్న దారిలో జీడిమామిడి పండు తిని
పంట్లాముకి తుడుచుకున్న వేలు.

స్పిరిటు తడి, ఒక్క తుడుపు.
తెర మీద ఒకటే ముల్లు మిగిలింది.

రిజిస్టరులో
"లోపం ఎంత దూరంలో" అని ఒక గడి.
సున్నా మీటర్లు అని రాశాను.
రాశాక తోచింది,
సున్నా దగ్గరి లోపానికి
రెండు పాయింట్ ఎనిమిది దగ్గర తవ్విన కూలి
ఏ ఆఫీసూ పాస్ చెయ్యదని.

జేబులో ఎంతుందో చూసుకుని
మందస రోడ్డుకి బండి తీశాను.
మూడో గోతి అంచున అప్పటికే
ఒక జీడికొమ్మ పాతి ఉంది,
రాత్రిపూట ఎవరూ పడకుండా.
దాలినాయుడు రెండోది పూడుస్తున్నాడు.
"దొరికిందా బాబూ?"
"దొరికింది. ఇక్కడ కాదు."
"నాను సెప్పనేదేటి" అంటూ
పార నా చేతికిచ్చాడు.