పద్నాలుగో పేజీ

పురసవాకంలో, స్టీలు సామాన్ల కొట్టు మీద
మొదటి అంతస్తు.
మెట్లంతా కింది గిన్నెల మోత.
సెల్వమణి అనే కుర్రవాడు
గాజుబల్ల మీద ద్వీపాలు పరిచాడు,
చీరల కొట్టులో లాగే, ఒకదాని మీద ఒకటి.

అన్నీ నీలమే.
నెమలికంఠం నీలం, ఇంకుబుడ్డి నీలం,
మా పెళ్ళినాడు గోడలకి కొట్టిన సున్నంలో
ఎక్కువైపోయిన నీలిమందు నీలం.
ప్రతి ఫోటోలోనూ ఒక కొబ్బరిచెట్టు
నీళ్ళ మీదికి వంగి ఎవరి కోసమో చూస్తోంది.

ఇందులో నీటి మీద స్కూటరు తోలచ్చట.
ఇందులో అద్దం అడుగున్న పడవట, చేపలు మనల్ని చూస్తాయట.
ఇందులో ఇసుకలో బల్ల వేసి
కొవ్వొత్తి వెలుగులో భోజనమట.
(కరెంటు పోయినప్పుడల్లా పెరంబూరులో మేం తిన్నదీ అదే.)

"ఇంత అందంగా లేనిది లేదా బాబూ?" అన్నాను.

అతను మా ఆయన వంక చూశాడు.
మా ఆయన, మునిరత్నం,
రైలుపెట్టెల ఫ్యాక్టరీలో బెర్తులకి రెగ్జిను కుట్టి కుట్టి
రిటైరైన మనిషి,
ఫ్యాను వంక చూశాడు.

ఎలా చెప్పను?
ముప్పై ఒక్కేళ్ళు టెలిఫోను ఎక్స్ఛేంజీలో
చెవులమ్ముకుని బతికాను.
చావు కబుర్లు, జీడిపప్పు ధరలు,
గూడూరుకి ట్రంకుకాలు, గుంతకల్లుకి అర్జెంటు.
మధ్యలో దూరి
"మూడు నిమిషాలయ్యాయి, పొడిగించమంటారా?" అని
ఎందరి ఏడుపుల్నో కత్తిరించాను.
ఇప్పటికీ ఎడమచెవిలో ఒక లైను
ఎవరూ ఎత్తక మోగుతూనే ఉంటుంది.
డాక్టరు దానికేదో పేరు చెప్పాడు. బిల్లు మీద రాసుంది.

మెరీనా ఉందిగా అంటారు.
ఉంది. ఇసుకే ఒక తాలూకా.
నడిచి నడిచి నీళ్ళ దాకా చేరేసరికి
సముద్రం పార్టీ మీటింగులా అరుస్తుంటుంది.
వెనక గుర్రాల గిట్టలు, బుడగలు పేల్చే తుపాకులు,
మొక్కజొన్న బొగ్గుల మీద విసనకర్ర.
అంత పెద్ద తీరంలో
నా చెవికి కూర్చునే చోటు దొరకలేదు.

మా ఆడపడుచు వసుంధర పోయినేడు
ఏదో పరదేశపు ద్వీపానికి వెళ్ళి
రెండొందల పన్నెండు ఫోటోలు పంపింది.
ఒక్కదాంట్లోనూ కూర్చుని లేదు.

నాకు చిన్న ఒడ్డు చాలు.
నాలుగు చాపలు పరిస్తే నిండిపోయేంత.
అల వస్తే,
నిద్రపోతున్న పసిదాని పక్కన
గాజులు తీసి పెట్టినంత మెల్లిగా రావాలి.

"పద్నాలుగో పేజీలో ఒకటుంది గానీ..." నసిగాడు సెల్వమణి.
"అక్కడేం లేదమ్మా. బీచి అంటే బీచి కాదు.
మూడు గదులు. రాత్రి తొమ్మిదయితే దీపాలుండవు."
బొమ్మ కూడా అగ్గిపెట్టంతే.
బోర్లించిన పడవ, దాని నీడలో కుక్క.
ఇసుక తెలుపు కాదు, చల్లారిన ఉప్మా రంగు.

"అక్కడికి ఫోన్ చెయ్యి," అన్నాను.

గదులు ఖాళీయేనా అని అతను హిందీలో కుస్తీ పడుతుంటే
చెయ్యి చాపాను.
పాత అలవాటు.
కుడిచెవికి ఆనించి, కళ్ళు మూసి,
మాట్లాడేవాణ్ణి కాస్త పక్కకి జరిపి
వెనకేముందో విన్నాను.

మనిషి అద్దె చెబుతున్నాడు.
అతని వెనక ఒక కోడి.
కోడి వెనక ఎవరో బిందె దించిన చప్పుడు.
దాని వెనక, చాలా వెనక,
ఒకటి వచ్చింది. ఆగింది. వెళ్ళింది.
తొందర లేదు దానికి. డాబూ లేదు.
మళ్ళీ వస్తుందా అని వేళ్ళ మీద లెక్కపెడుతున్నాను,
ఐదు, ఆరు, ఏడు,
వచ్చింది.

"హలో? హలో? లైన్లో ఉన్నారా?"

కింద కొట్లో ఎవరో పళ్ళెం జారవిడిచారు.
అది గుండ్రంగా తిరిగి తిరిగి
చాలాసేపటికి గానీ పడలేదు.
సెల్వమణి రిసీవరు కోసం చెయ్యి పెట్టాడు.
మా ఆయన వాచీ చూసుకుని, నవ్వు బిగబట్టి,
"మూడు నిమిషాలయ్యాయి," అన్నాడు.

పొడిగించమన్నాను.