వక్కపొడి రంగు

మిర్చియార్డు గేటు ఎదురు సందులో
మూడో రేకుల షెడ్డు మాది.
మాదంటే సైదావలి గారిది.
నేను రెంచీలు అందించేవాణ్ణి.

ఏప్రిల్ మధ్యాహ్నం. టిక్కీలు దిగుతున్నాయి.
సందు చివర్నుంచి ముందు చప్పుడొచ్చింది,
తర్వాత బండి,
ఆ తర్వాత దాని మీద బ్రాడీపేట కుర్రాడు, కౌండిన్య.

సైలెన్సర్ పీకించి బారు గొట్టం పెట్టించాడు.
గాలిపెట్టె తీసేసి
శంఖంలాంటి ఫిల్టర్ తగిలించాడు, పద్దెనిమిది వందలట.
"అరుపు అదిరింది గానీ అన్నా, లాగట్లేదు.
ఎనభై దాటితే దగ్గుతోంది.
ఎక్సలేటర్ వదిలితే వెనక టపాకాయలు."

సైదావలి గారు వినలేదు.
వినరు. ముప్పయ్యేళ్ల సైలెన్సర్లు
ఆయన చెవులు రెంటినీ తినేశాయి.
గొట్టం మొదలు చూశారు,
నెమలి మెడలా నీలం తిరిగింది.
ప్లగ్గు ఊడదీసి అరచేతిలో పెట్టుకున్నారు.
తెలుపు. గోడ గీరితే రాలే సున్నం తెలుపు.

"ఆకలిరా దీనికి.
ముక్కు పెద్దది చేశావు,
వెనక తలుపు బార్లా తీశావు,
గాలి వరదలా వచ్చిపడుతోంది.
కార్బొరేటర్ పాపం పాత కొలతతోనే వడ్డిస్తోంది.
నలుగురికి వండిన కూర
పెళ్లి బంతికి చాలుతుందా?
పెట్రోలు పలచనైతే మంట చల్లారదు,
ఇంకా కాలుస్తుంది.
ముందు వాల్వు. తర్వాత పిస్టన్."

"నాకెవరూ చెప్పలేదు," కుర్రాడు గొణిగాడు.
అదీ ఆయన దాకా పోలేదు.

గిన్నె విప్పాం. మెయిన్ జెట్టు నూటపది,
చీమ కన్నంత కన్నం.
సూది క్లిప్పు ఒక మెట్టు కిందికి,
పైలెట్ స్క్రూ అర చుట్టు బయటికి,
వేలికొసతో, పప్పులో ఉప్పు సరిచూసినట్టు.

జెట్టు మార్చిన ప్రతిసారీ నేనే
అమరావతి రోడ్డెక్కాలి.
గోరంట్ల దాటాక ఖాళీ చూసి
పిడి పూర్తిగా తిప్పి, టక్కున ఆపి,
క్లచ్ నొక్కి, ఆగేదాకా జారి,
రోడ్డుపక్కే వేళ్లు కాల్చుకుంటూ ప్లగ్గు విప్పాలి.
ఇంజను ఆ క్షణాన ఏం తిన్నదో
ఆ పింగాణీకి తప్ప ఎవరికీ తెలీదు.
నూటపదిహేనుకి పాలిపోయిన మొహం.
నూటపాతిక్కి మసి, తడి, పెట్రోలు కంపు.
నూట ఇరవైకి,
పొద్దువాలాక, నాలుగో లారీ పోయాక,
వక్కపొడి రంగు.

శంఖం విప్పి దులిపితే ఎర్రటి పొడి లేచింది.
కుర్రాడు ఏడుసార్లు తుమ్మాడు.
"యార్డు గాలిరా. నీ బండి రోజూ కారం తింటోంది.
ఇది పూడుకుపోతే గాలి తగ్గుద్ది,
అప్పుడిదే జెట్టు ఎక్కువైపోద్ది.
నెలకోసారి తీసుకురా.
పాత సైలెన్సరేదీ?"
"తూకానికి వేసేశాను."
పెదాలు చూసి అర్థం చేసుకున్నారు.
ఏమీ అనలేదు. మూడొందల నలభై తీసుకున్నారు.

"సౌండెట్లా ఉందన్నా?" అడిగాడు, ఇంజను లేపి.
ఆయన ట్యాంకు మీద అరచెయ్యి ఆనించారు,
జ్వరం చూసే తల్లిలా కాదు,
పుచ్చకాయ కొనేవాడిలా.
"ఇందాక వణికింది. ఇప్పుడు వణకట్లేదు."

బండి వెళ్లిపోయింది.
నాకది చుట్టుగుంట దాకా వినపడుతూనే ఉంది.
ఆయనకి షెడ్డు గుమ్మంలోనే ఆగిపోయింది.

ఆ రాత్రి పడుకున్నాక
నా కుడిచెవిలో ఒక సన్నటి ఈల.
దిండు మార్చి చూశాను,
పక్క మార్చి చూశాను.