జీరో టికెట్

హోలీ అయిన తెల్లారి నుంచి రెండు దినాలు సెలవిచ్చిండ్రు.
గోదాము తలుపుకు రబ్బరు మారుస్తరట,
సలి బయటికి కారుతున్నదట.
నవ్వొచ్చింది.
ఆరేండ్ల సంది అది కారుతున్నది
నా బొక్కలల్లకే గద.

జడ్చర్ల అవతల మా పని.
కార్తీకంల ఒలిచిన సీతాఫలం గుజ్జు
మైనస్ పద్దెనిమిదిల డబ్బాలల్ల పండుకోని ఉంటది.
మోదుగు పూసే నెలకు లేస్తది,
ఐస్‌క్రీం కంపెనీల లారీలెక్కుతది.
లేపేది నేను.
మూడు స్వెటర్లు, రెండు జతల సాక్సులు, కోతిటోపి.
బయట జనం మజ్జిగకు లైను కట్టే యాళ్లకు
నా రెప్పల మీద తెల్లటి పొడి.

పర్వతాలుది తారు పని.
డ్రమ్ము కింద మంట, డ్రమ్ముల మంట,
రోడ్డు మీద మంట, దాని మీద సూర్యుడు.
పొద్దుమీకి ఇంటికొచ్చి
నా రెండు చేతులు గుంజుకోని చెంపలకు పెట్టుకుంటడు,
"ఫ్రిజ్జు కొనే ఖర్సు తప్పింది" అంటడు.
నేను ఆయన ఈపుకు ఆనుకోని కూసుంట.
గిండ్ల ప్రేమెంతో, అవసరమెంతో
ఇద్దరం ఎన్నడు లెక్క తీయలే.

ఏదన్న ఊరు పోదామంటే మాత్రం లెక్కొచ్చింది.

ఆయన వికారాబాదు అన్నడు.
"అనంతగిరి చెట్లు, సల్లగుంటది" అన్నడు,
బెల్లం చూపిచ్చి పోరన్ని పిలిచినట్టు.
నేను చాయ కొట్టుకాడ పేపరు అడిగి తెచ్చిన.
మూలకు ఎండల పట్టీ ఉంటది సూడు,
అందరు భయపడి సదివేది,
నేను పెండ్లిల విస్తరి సూసినట్టు సూసిన.
మహబూబ్‌నగర్ ముప్ఫై ఏడు, ఇది ఇంటికూడు.
రాయచూరు ముప్ఫై తొమ్మిది.
కర్నూలు నలభై. నోరూరింది.
నల్లగొండ ముప్ఫై తొమ్మిదిన్నర.

"కర్నూలు" అన్న.
"తుంగభద్ర దాటితె నీ జీరో టికెట్ సెల్లదు" అన్నడు.
అర డిగ్రీకి గన్ని పైసలా అని
ఆధార్ కార్డు కొంగుల ముడేసి
నల్లగొండ ఖాయం జేసిన.

కల్వకుర్తిల ఒకటి, దేవరకొండల ఇంకొకటి, బస్సులు మారినం.
కండక్టరమ్మ నాకు సున్న కొట్టిచ్చింది,
ఆయనకు పూర టికెట్.
మైనస్‌ల నుంచి వచ్చినదానికి
సున్న కూడ ఎక్కువే.
సీటుకాడ కొట్లాటైతె లేదు,
ఎండ పక్క నాది.

గడియారం సెంటర్ల దిగంగనే
వేడి ఎదురొచ్చి మొఖం పట్టుకున్నది
చిన్ననాటి దోస్తు లెక్క,
ఏడ సచ్చినవే ఇన్నొద్దులు, అని.
ఆయన బత్తాయి రసం బండి నీడల సొచ్చిండు,
ఐసు ఎక్కువెయ్యమన్నడు.
ఐసు మాట ఇంటె నాకు డ్యూటీ గంట ఇనవడ్డది,
నా గ్లాసుల వద్దన్న.
సంగతి ఇని బండాయన నన్ను ఎగాదిగ సూసిండు:
"ఎండ కోసం మా ఊరొచ్చినోళ్లను
ఇయ్యాలే సూస్తున్ననమ్మ."

పొద్దుగూకంగ లతీఫ్ సాబ్ గుట్ట ఎక్కినం.
సూర్యుడు పోయిండు గని బండ ఇంక పోనియ్యలే,
పొయ్యి మీదికెల్లి దించిన పెంక లెక్క
అట్లనే పట్టుకోని ఉన్నది.
చెప్పులు ఇడిసిన.
ఎవలు సూసినా సరే అని సాపుగ పండుకున్న.
ముందుగాల ఈపు,
ఎనక మోకాళ్ల కింద,
ఆఖరికి ఎడమ చెయ్యి ఉంగరం ఏలు,
రెండేండ్ల సంది మొద్దువారిన ఏలు,
సూది గుచ్చినట్టు జివ్వుమన్నది.
నొప్పి.
అబ్బ, ఎంత మంచి నొప్పి.

బండకు అవతలి మొగాన ఆయన
అంగి గుండీలు ఇప్పుకోని, గాలికి నోరు తెరిసి
"ఈడ మస్తు సల్లగున్నదే, ఇటు రా" అంటున్నడు.
నేను ఇననట్టే ఉన్న.
కింద ఊర్ల దీపాలు ఒక్కొక్కటి ఎలుగుతున్నయి,
ఎవలో ఎక్కడో మిరపకాయలు ఏంచుతున్నరు,
ఇద్దరం ఒక్కసారే తుమ్మినం.

దిగేటప్పుడు గుప్పెడంత రాయి ఒకటి
కొంగుల కట్టుకున్న, ఆధార్ కార్డు పక్కన.
ఎల్లుండి ఏడింటికి డ్యూటీ ఉన్నది,
దాసుకుందామని.
లాడ్జి దాక కూడ ఆగలే, సల్లవడ్డది.
ఆయనకిచ్చిన.
చెంపకు పెట్టుకున్నడు.