హాజరు

పలాసలో తెల్లవారి పాసింజరెక్కితే
ఆమదాలవలసలో దిగి, ఆటో పట్టుకుని
శ్రీకాకుళంలో తొలి క్లాసు సగంలో పడతాను.
మందసలో ఎక్కిన పనసకాయల ముసలమ్మ
నా సంచీలోంచి జారిన కాయితాలు ఏరి ఇస్తూ అడిగింది:
"ఏటి సదువుతన్నావే గుంటా?"
"పీజీ మామ్మా. రాయడం."
"ఓలమ్మ! ఇంతదానివైనావు,
రాయడం ఇంకా రాలేదేటే?"
పెట్టె పెట్టంతా నవ్వింది, నాతో సహా.
మూడో సెమిస్టరొచ్చింది.
ఆవిడకి జవాబింకా బాకీ.

క్లాసు గుమ్మం పక్కన గోడకి మిషను.
బొటనవేలు పెడితే ఎర్రలైటు.
పైటకి తుడిచి పెడితే ఎర్రలైటు.
చూపుడువేలు, ఉంగరంవేలు, ఎడమచెయ్యి.
"మళ్ళీ ప్రయత్నించండి" అంటుంది లోపలి ఆడగొంతు
ఎంతో మర్యాదగా.
పదకొండేళ్ళు జీడిపిక్కలు కోసిన చేతులివి.
పిక్క పగిలినప్పుడల్లా చిందిన జీడి
గీతలన్నీ మెల్లగా తినేసింది.
అటెండరు దాలినాయుడు రిజిస్టరు తెచ్చి
"సంతకం పెట్టీమ్మా, నీకది పలకదు" అంటాడు.

లోపల వసుంధర మేడమ్ బోర్డు మీద రాస్తున్నారు:
రచయిత గొంతంటే వేలిముద్ర.
నోట్సులో ఎక్కించుకున్నాను.
కింద గీత కూడా గీశాను.

శుక్రవారాలు వర్క్‌షాపు.
ఒకరు చదువుతారు, పన్నెండుగురు కోస్తారు.
రాసినవాళ్ళు నోరెత్తకూడదు, అది నియమం.
నోరెత్తకపోవడంలో నాకు బోలెడు సర్వీసుంది.

సీతంపేట కొండల్నించి వచ్చే సవర ఇందిర
వాళ్ళ మాటలు నాలుగు కలిపి కవిత చదివితే
"కింద అర్థాలివ్వాలి" అన్నారెవరో.
ఇందిర పలకలేదు.
తరవాత క్యాంటీన్లో, టీ చల్లారిపోతుంటే, అంది:
"అర్థం ఇచ్చేద్దును.
ఆ మాటకి మీ దగ్గర వస్తువే లేదు."

నన్నయితే అందరూ ఒకటే అడుగుతారు:
"ఉద్దానం అమ్మాయివి కదా, కిడ్నీల మీద రాయవేం?"
మా చిన్నాన్న డయాలసిస్ పుస్తకం నింపేది నేనే.
తారీకు. బరువు ముందు. బరువు తరవాత.
దానికి నేను ఉపమానం వెయ్యను.

నాకు రాయాలనున్నది
కటింగు షెడ్డులో మధ్యాహ్నం పన్నెండున్నర.
మిషన్లు ఆగేక, బూడిద రాసి కడుక్కున్న చేతుల్తో
క్యారేజీలు విప్పుకుంటుంటే
గవరమ్మత్త తన రెండో మొగుడు తాగొచ్చి
తలుపు అనుకుని బీరువాని బతిమాలడం చేసి చూపిస్తుంది.
అన్నం పొలమారి, కళ్ళనీళ్ళొచ్చి, ఒకరి మీద ఒకరు పడి.
ఏడు ప్రతులు రాశాను.
ఏడింట్లోనూ గవరమ్మత్త
పాపం, పేదరాలైపోయింది.
షెడ్డులో ఆవిణ్ణి అలా ఒక్కరోజూ చూళ్ళేదు నేను.

మార్జిన్లో మేడమ్ పెన్సిలు:
"పంక్తి ఇక్కడ విరవొచ్చు."
విరవడం నాకు తెలుసు.
కాలికింద పెడలు, వేళ్ళమధ్య పిక్క.
పెంకు పగలాలి, లోపలి గుండు పగలకూడదు.
గుండుకో రేటు, బద్దకో రేటు, నూకకి తిట్లు.
ఎంత నొక్కాలో చేతికి తెలుస్తుంది,
నన్నడిగితే చెప్పలేను.
ఎనిమిదో ప్రతిలో
బీరువా ముందు అతను చేతులు జోడించగానే
విరిచేశాను.

బాగుందనలేదు, బాలేదనలేదు మేడమ్.
"ఆ మొగుడి పేరేంటి?" అన్నారు.

ఆదివారం షెడ్డుకెళ్ళి చదివి వినిపించాను.
పిక్క మీంచి కళ్ళెత్తకుండా విని
"నానలాగ సెయ్యనేదే" అంది గవరమ్మత్త.
లేచి, కుచ్చెళ్ళు దోపుకుని,
షెడ్డు గోడనే బీరువా చేసుకుని
మళ్ళీ మొదట్నించీ ఎత్తుకుంది.
నవ్వులో పడి రాసుకోవడమే మరిచాను.
వస్తుంటే వెనకనించి కేకేసింది:
"పేరు మాత్రం ఎట్టకే!
ఆడింకా ఉన్నాడు, కాశీబుగ్గలోనే."

రేపు తొమ్మిదో ప్రతి ఇవ్వాలి.
పేరున్న చోట ఖాళీ వదిలాను.
మేడమ్ అడుగుతారు.
నోరెత్తకూడదు కదా, నియమం.