టీ డబ్బాలో బొచ్చు

ఆపరేషన్‌కి ముందు
ద్రోప్ మా ఇంటి మీద దండెత్తిన రాణి.
గిన్నె మార్చబోతే గుర్రుమని చేతిమీదికి దూకేది.
కడుపులో లేని పిల్లల కోసం
రొమ్ము మీది బొచ్చు పీక్కుని
సోఫా వెనక గూడు కట్టేది,
నోటికి అటూ ఇటూ ఎండుగడ్డి
ముసలి కెప్టెన్ మీసాల్లా.

తీసుకొచ్చిన రాత్రి
లేవార్డెన్ కాలువ గడ్డకడుతోంది.
గోడవైపు తిరిగి కూర్చుంది. నాకు వీపే.
కొత్తిమీర ముట్టలేదు.
వెనక్కాలితో నేలని ఒక్క దెబ్బ!
కిందింటి హెర్బ్రాంద్ పైకొచ్చి
ఏం పడిందని అడిగాడు.
ఏం చెప్పను?

ఆరు వారాలు.
ఇప్పుడు నా చెప్పుల పక్కన
దబ్బున ఒరిగి పడుకుంటుంది,
గొరిగిన పొట్ట మీద
కొత్త నూగు మొలుస్తూ.
"చూడు వీట్స్‌కె, ఎంత బుద్ధిమంతురాలైందో"
అంటుంది మా అక్క.
బుద్ధో, మరుపో.

ఆ గూటిలోంచి ఓ పిడికెడు
టీ డబ్బాలో దాచాను.
నిన్న తీసి దాని ముందు పెట్టాను.
వాసన చూసింది.
తుమ్మింది.
డబ్బా మూతని పళ్ళతో పట్టుకుని
అవతలికి గిరాటేసింది.

నవ్వొచ్చింది నాకు.
మూత వెతికి తెచ్చి పెట్టేశాను.
సోఫా వెనక
ఇంకా ఊడవలేదు.