రెండు కట్టలు

ఎడమ చంకలో ఇంటిపన్ను నోటీసులు,
కుడిచేతిలో ఓటరు చీటీలు.
కప్పరాడ కొండమెట్లు ఎక్కుతున్నాను.
నూట పదకొండో మెట్టు దగ్గర నా మోకాలు ఆగుతుంది.
అక్కడి నుంచి హార్బరు క్రేన్లు కనిపిస్తాయి,
నీళ్ళలో ఏదో పోగొట్టుకున్నట్టు వంగి.

"రెండూ కలిపి పంచెయ్యండి మేడమ్, మెట్లు మిగుల్తాయి"
అన్నారు పైవాళ్ళు.
పైవాళ్ళు మెట్లెక్కరు.

బొడ్డేటి సింహాద్రి.
పన్ను కాగితం మీద ఉన్నాడు.
చీటీ మీదా ఉన్నాడు, ఫొటోతో సహా:
పాత క్రాపు,
నవ్వబోయి మానుకున్న మూతి.
ఇంట్లో లేడు.

ఎరుకమ్మ రేకు మీద ఎండు నెత్తళ్ళు తిరగేస్తోంది.
"ఆడు అడివివరంలో కదమ్మా," అంది,
సంతకెళ్ళినోడి గురించి చెప్పినట్టు.
నాలుగేళ్ళయింది జైలుకెళ్ళి. ఇంకా మూడు.

నోటీసు చదివి చెప్పాను. ఆరు నెలలది, వడ్డీతో.
చేతులు కొంగుకి తుడుచుకుని లోపలికెళ్ళి
బియ్యం డబ్బా కిందనుంచి నోట్లు తెచ్చింది.
"ఆడి కూలే. రొట్లు కాలుస్తాడు లోపల.
పోస్టులో ఒచ్చింది."
నా ఫోన్లో రసీదు పుట్టింది,
బొడ్డేటి సింహాద్రి చెల్లించినట్టు.
ఎక్కడున్నాడని యంత్రం అడగలేదు.

"మరి ఈ రెండోదో?"

చెప్పాను.
జాబితాలో పేరుంటుంది, మనిషి మాత్రం వెయ్యకూడదు.
శిక్ష పడ్డవాళ్ళే కాదు,
కేసు తేలకుండా లోపలున్నా అంతే.
"బెయిలు మీదుంటే?"
"వెయ్యొచ్చు."
ఎదురుగోడ మీద పోస్టరు కేసి చూసింది.
చేతులు జోడించిన పెద్దమనిషి.
"ఈ బాబుకేటీ కేసుల్లేవా?"
ఆయన అఫిడవిట్టు మా ఆఫీసు బోర్డు మీదే అంటించాను.
పద్నాలుగు.
ఎన్నికల డ్యూటీలో ఉన్నాను,
లక్క సీలు నా నోటికీ ఉంది.

"మొన్న ములాఖత్‌కెళ్తే సబ్బు కావాలన్నాడు.
సబ్బుకి పన్నుంటాదా అమ్మా?"
"ఉంటుంది."
"లోపలున్నోడికీ?"
"సబ్బుకి తెలీదు కదా, ఎవరు రుద్దుకుంటారో."
ఎరుకమ్మ నవ్వింది. నేనూ నవ్వాను.
తర్వాత ఇద్దరం నెత్తళ్ళకేసి చూశాం.

పంతొమ్మిది మెట్లు దిగితే గొర్లి పోతరాజు ఇల్లు.
సింహాద్రి ఇనపరాడ్డు పడిన మోచెయ్యి
ఇప్పటికీ మడతపడదు.
చీటీ ఎడంచేత్తో అందుకున్నాడు.
"ఆడికీ ఇచ్చేరా?"
"ఇచ్చాను. చెల్లదు."

సంతోషిస్తాడనుకున్నాను.
గడపమీద కూలబడి చాలాసేపు
మోచెయ్యి నిమురుకున్నాడు.
"ఆడి కూలీలో కొంత కోసి
నాకు పంపుతారమ్మా సర్కారోళ్ళు.
దాంతోనే మొన్న నా పన్ను కట్టేను."
బీడీ కోసం తడుముకుని, దొరక్క,
"ఆడు కొట్టింది నన్ను.
ఓటు పెట్టెనేటి కొట్టలేదు గదా," అన్నాడు.
నేను కదలబోతుంటే మళ్ళీ:
"అలాగని ఆడొచ్చేక
ఈ మెట్లమీద ఆడికి నా ఈపు చూపించను.
అదీ రాసుకో."

రాసుకోవడానికి నా దగ్గర గడి లేదు.

సాయంత్రం సచివాలయంలో రిజిస్టరు తెరిచాను.
అందని చీటీలకు మూడే కారణాలు:
చనిపోయారు. ఇల్లు మారారు. ఇంట లేరు.
సింహాద్రి చావలేదు.
ఇల్లు మారాడందామంటే
ఈ ఇంటికే పన్ను కట్టాడు ఇవాళ.
ఇంట లేడు, సరే,
ఎక్కడున్నాడో మాత్రం తాళం వేసినవాళ్ళకే తెలుసు.

అసలు వెనక్కి ఇవ్వడానికి చీటీ నా దగ్గరుంటే కదా.
వచ్చేస్తుంటే చూశాను,
ఎరుకమ్మ దాన్ని నాలుగు మడతలు పెట్టి
బియ్యం డబ్బా కింద,
ఇందాక నోట్లున్న చోట దాచింది.

'అందజేయడమైనది' అని రాశాను.
ఎవరికి అన్న చోట
పెన్ను కాసేపు ఆగింది.
వేళ్ళకి ఇంకా నెత్తళ్ళ వాసన.